కెప్టెన్ అధికారం విమానం వరకే

ఉయ్యూరు వీరమ్మ తల్లి కథ మన ప్రాంతంలో తెలియని ఆడవాళ్ళు ఉండరు. ఊరి కరణం ఆమె మీద కన్నేశాడనీ, ఆమె లొంగకపోయేసరికి భర్త చింతయ్యను చంపించాడనీ, ఆమె భర్తతోపాటు చితికెక్కిందనీ పెద్దవాళ్ళు చెబుతారు. ఆ తర్వాత ఊరు ఆమెకు గుడి కట్టింది. ఇప్పటికీ మాఘమాసంలో పదిహేను రోజులు తిరునాళ్ళు జరుగుతాయి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు వేలమంది వచ్చి మొక్కులు తీర్చుకుంటారు.

సతిని మనం సమర్థించం. చితికెక్కిన స్త్రీని దేవతను చేయడం వెనక ఉన్న పితృస్వామ్యం ఏమిటో ఈ పత్రిక పాఠకులకు మళ్ళీ చెప్పనక్కర్లేదు. అయితే ఆ కథలో మనం చూడవలసింది ఇంకొకటి ఉంది. చేతిలో అధికారం ఉన్నవాడు తన చెప్పుచేతల్లో బతకవలసిన స్త్రీ మీద కన్నేశాడు. ఆమె మాటను ఊరు నమ్మింది, కానీ ఎప్పుడు? ఆమె చచ్చిపోయాక. బతికుండగానే వీరమ్మ రచ్చబండ దగ్గరికి వచ్చి కరణం మీద ఫిర్యాదు చేసి ఉంటే ఊరు ఏమనేది? "నువ్వు ఆ దారిన ఎందుకు వెళ్ళావమ్మా?" అనే కదా!

ఈ ప్రశ్న మాకు ఊరికే రాలేదు. తిరునాళ్ళ రోజుల్లోనే ఒకసారి ఒక తల్లి తన కూతురిని వెంటబెట్టుకుని మా సంఘం దగ్గరికి వచ్చింది. తండ్రి చెరకు లారీ డ్రైవరు. పిల్ల ఉయ్యూరులో డిగ్రీ చదివి, విజయవాడలో ఎయిర్ హోస్టెస్ శిక్షణ తీసుకుంది. ఫీజు కోసం తల్లి మెడలో నాంతాడు తాకట్టుకు వెళ్ళింది. ఒక ప్రైవేటు విమాన సంస్థలో కాంట్రాక్టు మీద ఉద్యోగం వచ్చినప్పుడు వీధి వీధంతా మిఠాయి పంచారు. రెండేళ్ళు తిరక్కుండానే పిల్ల ఇంటికి వచ్చేసింది.

ఏం జరిగిందో ఆ అమ్మాయి తల దించుకుని చెప్పింది. వేరే ఊళ్ళో రాత్రి బస. హోటలు గదికి కెప్టెన్ ఫోను చేశాడు. "ఒక్కదానివే ఏం చేస్తున్నావ్, పైకి రా, కాసేపు మాట్లాడుకుందాం" అన్నాడు. రానంది. మర్నాడు విమానం ఎక్కేముందు జరిగే బ్రీఫింగ్‌లో అందరి ముందూ అత్యవసర ద్వారాల గురించి వరసగా ప్రశ్నలు వేశాడు. ఆమె తడబడేదాకా వదల్లేదు. తీసుకెళ్ళిన కాఫీ మూడుసార్లు వెనక్కి పంపించాడు. తర్వాత ఆమె ప్రవర్తన బాగాలేదని రిపోర్టు రాశాడు. పైనున్న సీనియర్‌కి చెప్పుకుంటే, "కెప్టెన్‌తో పెట్టుకుంటే మనకే నష్టం, సర్దుకుపో" అంది. కాంట్రాక్టు గడువు తీరాక మళ్ళీ పిలుపు రాలేదు.

"మా పిల్ల తప్పేం లేదమ్మా. అయినా వీధిలో మేమే తల దించుకుని తిరుగుతున్నాం" అంది తల్లి. ఇరుగుపొరుగు అనే మాట ఒక్కటే: "ఆ ఉద్యోగాలు అంతేగా మరి!"

"అంతేగా మరి" అన్న ఆ మాట మీదే ఈ వ్యాసం. ఇదే సంఘటన ఉయ్యూరు తాలూకా ఆఫీసులో జరిగితే లైంగిక వేధింపు అంటాం. నాట్లు వేసే కూలీ మీద భూస్వామి చెయ్యి వేస్తే అత్యాచారం అంటాం, ధర్నా చేస్తాం. విమానంలో జరిగితే మాత్రం మనకు కూడా అది వార్తాపత్రికల ఆదివారం అనుబంధంలో వచ్చే సినిమా కబురులా కనబడుతుంది. పైలట్లకూ ఎయిర్ హోస్టెస్‌లకూ మధ్య ఉన్న సంబంధాన్ని లోకం సరసంగానే చూసింది, శ్రమ సంబంధంగా చూడలేదు. మనమూ చూడలేదని ఒప్పుకుందాం.

ఒకే విమానం, రెండు అంతస్తులు

ఈ ఉద్యోగం ఎలా పుట్టిందో తెలిస్తే చాలా విషయాలు అర్థమవుతాయి. అమెరికాలో ఎలెన్ చర్చ్ అనే నర్సు ఉండేది. ఆమెకు విమానం నడపడం వచ్చు, లైసెన్సు కూడా ఉంది. పైలట్ ఉద్యోగం ఇమ్మని బోయింగ్ వారి విమాన సంస్థను అడిగింది. ఆడదానికి ఆ ఉద్యోగం లేదన్నారు. అయితే ప్రయాణికుల భయం పోగొట్టడానికి నర్సులను విమానంలో పెట్టుకోమని ఆమె సూచించింది. దానికి మాత్రం ఒప్పుకున్నారు. అలా 1930 మే 15న ఆమె ప్రపంచంలో మొదటి ఎయిర్ హోస్టెస్ అయింది. అంటే, విమానం నడపగల స్త్రీని కాక్‌పిట్ తలుపు దగ్గర ఆపేసి, వెనక్కి పంపి, చేతికి ట్రే ఇచ్చారు. ఈ వృత్తికి పునాది అక్కడ పడింది.

ఆ తలుపుకు ఇవతల ఒక అంతస్తు, అవతల ఒక అంతస్తు తయారయ్యాయి. పైలట్ కావాలంటే కనీసం 200 గంటలు విమానం నడిపిన అనుభవం ఉండాలి. దానికి పదుల లక్షలు ఖర్చవుతుంది. మన డెల్టాలో రెండెకరాల మాగాణి అమ్మగలవాళ్ళు, అది కూడా ఎక్కువగా కొడుకు కోసం అమ్మగలవాళ్ళు, ఆ చదువు చెప్పిస్తారు. క్యాబిన్ సిబ్బందికి శిక్షణ నెలల్లో అయిపోతుంది. ఒకరు మానేస్తే ఆ ఖాళీకి వందలమంది వరసలో ఉంటారు. పైలట్ పోతే యాజమాన్యానికి నష్టం. ఎయిర్ హోస్టెస్ పోతే ప్రకటన వేస్తే చాలు. ఫిర్యాదు వచ్చినప్పుడు యాజమాన్యం ఎవరి పక్కన నిలబడుతుందో చెప్పడానికి ఈ లెక్క ఒక్కటి చాలదా?

ఇక జెండర్ లెక్క. దుర్బా బెనర్జీ 1966లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్‌గా చేరింది. 1985లో సౌదామినీ దేశ్‌ముఖ్ కెప్టెన్‌గా, అంతా స్త్రీలే ఉన్న సిబ్బందితో విమానం నడిచింది. విజయవాడలో పెరిగిన అనీ దివ్య 2017లో ముప్పై ఏళ్ళకే బోయింగ్ 777 కమాండర్ అయింది. ఇవి మనం గర్వపడవలసిన విషయాలు. పైలట్లలో స్త్రీల నిష్పత్తి చాలా దేశాలకంటే మన దేశంలోనే ఎక్కువ. అయినా కాక్‌పిట్‌లో ఇప్పటికీ ఎక్కువమంది మగవాళ్ళే, క్యాబిన్‌లో ఎక్కువమంది ఆడవాళ్ళే. పై అంతస్తులోకి కొద్దిమంది స్త్రీలు ఎక్కినంత మాత్రాన కింది అంతస్తులో ఉన్నవాళ్ళకు గౌరవం దానంతటదే రాదు.

పైగా కింది అంతస్తులో ఉన్నవాళ్ళ శ్రమ శ్రమగానే లెక్కకు రాదు. ట్రాలీ తోయడం, బరువులెత్తడం, రాత్రింబవళ్ళు తేడా లేకుండా నిలబడి పనిచేయడం ఒక ఎత్తు. ఎవరేమన్నా చిరునవ్వు చెరగకుండా ఉండడం ఇంకో ఎత్తు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో ఎయిర్ హోస్టెస్‌ల పని మీదే పుస్తకం రాసి, దీనికి భావోద్వేగ శ్రమ అని పేరు పెట్టింది. మనసులోని కోపాన్ని మింగి, లేని సంతోషాన్ని ముఖం మీద పూసుకోవడం కూడా జీతానికి అమ్మే శ్రమే అంది. కోడలి ఉద్యోగం చేసిన ఏ ఆడదానికైనా ఈ మాట వెంటనే అర్థమవుతుంది. ఆ నవ్వును కెప్టెన్ తనకోసమే అనుకోవడం దగ్గరే గొడవంతా మొదలవుతుంది.

చట్టం చెక్కిన బొమ్మ

ఈ చూపు వ్యక్తుల చపలత్వం కాదు. చట్టమూ, నిబంధనలూ, కోర్టులూ కలిసి ఎయిర్ హోస్టెస్‌ను ఒక బొమ్మగా చెక్కాయి. ఎయిర్ ఇండియా నిబంధనల ప్రకారం ఎయిర్ హోస్టెస్ 35 ఏళ్ళకే రిటైరు కావాలి. చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం పోతుంది. మొదటి గర్భం వస్తే ఉద్యోగం పోతుంది. వీటిలో ఏది ముందు వస్తే అదే ఆఖరి రోజు. 35 దాటాక ఏడాదికొకసారి పొడిగించే అధికారం మేనేజింగ్ డైరెక్టర్ చేతిలో ఉండేది. అదే విమానంలో, దాదాపు అదే పని చేసే మగ పర్సర్లకు మాత్రం రిటైర్మెంటు 58 ఏళ్ళకు!

నర్గీస్ మీర్జా, ఆమె సహోద్యోగినులు దీనిమీద పోరాడారు. సుప్రీంకోర్టు 1981 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. గర్భం వస్తే తీసేసే నిబంధనను భారత స్త్రీత్వానికే అవమానమని కొట్టేసింది. మేనేజింగ్ డైరెక్టర్ దయాదాక్షిణ్యాల అధికారాన్ని కూడా కొట్టేసింది. ఇంతవరకు చప్పట్లు కొట్టవచ్చు. కానీ అదే తీర్పు నాలుగేళ్ళ పెళ్ళి నిషేధాన్ని సమర్థించింది. దానివల్ల అమ్మాయికి పరిపక్వత వస్తుందట, కాపురం బాగుంటుందట, కుటుంబ నియంత్రణకూ మంచిదట! ఆడా మగా వేర్వేరు కేడర్లు కాబట్టి ఇది వివక్ష కాదని కూడా అంది. ముందు యాజమాన్యం రెండు కేడర్లు సృష్టిస్తుంది. తర్వాత కేడర్లు వేరు కాబట్టి సమానత్వం అడగకూడదంటుంది. గోడ కట్టినవాడే గోడను సాక్ష్యం చూపిస్తే నమ్మడానికి కోర్టే సిద్ధపడింది.

ఆ తర్వాత ఒక్కొక్క మెట్టూ పోరాడే ఎక్కారు. రిటైర్మెంటు వయసు పెరిగింది కానీ, ఎగిరే వయసు వేరు, నేలమీద ఉద్యోగం వేరు అన్న మెలిక మిగిలింది. 2003 జూలైలో సుప్రీంకోర్టు యశస్వినీ మర్చంట్ కేసులో, ఆడవాళ్ళు 50 ఏళ్ళకు ఎగరడం మానాలన్న నిబంధన వివక్ష కాదని తీర్పు చెప్పింది. ఆ కేసులో స్త్రీలకు ఎదురుగా అప్పీలుకు వెళ్ళినది క్యాబిన్ సిబ్బంది సంఘమే అన్నది మనం మరిచిపోకూడదు. చివరికి కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకున్నాక గానీ ఆ మెలిక విడలేదు.

ఇంకొకటి చూడండి. విమానంలో క్యాబిన్ సిబ్బంది మీద పర్యవేక్షణ చేసే ఇన్‌ఫ్లైట్ సూపర్‌వైజర్ పదవి ఎయిర్ ఇండియాలో 2005 దాకా మగవాళ్ళకే. ఆడవాళ్ళకు కూడా ఇస్తామని యాజమాన్యం 2005 డిసెంబరులో చెప్పగానే మగ సహోద్యోగులు కోర్టుకెక్కారు. ఆ పదవి తమకే చెందాలన్నది వారి వాదన. ఢిల్లీ హైకోర్టు 2007లో కాదంది. సుప్రీంకోర్టు 2011 నవంబరులో ఆ తీర్పునే ఖాయం చేసింది. ఇది పాత కథ కాదు. పక్కన నిలబడి ట్రాలీ తోసే మగవాడే ఆడదాని ఆజ్ఞ వినడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్ళి అభ్యంతరం చెప్పిన దేశంలో, కాక్‌పిట్‌లో కూర్చున్న కెప్టెన్ ఆమె మాటకు విలువిస్తాడని ఎలా అనుకుంటాం?

నోరు మూయిస్తే ప్రాణాలు పోతాయి

"ఇదంతా ఆడవాళ్ళ గౌరవం గొడవ. విమానం నడవాలంటే క్రమశిక్షణ ఉండాలి, ఒకరి మాటే చెల్లాలి" అనేవాళ్ళకు గౌరవం సంగతి పట్టకపోతే పట్టకపోనివ్వండి. ప్రాణాల లెక్క చెబుదాం.

1989 మార్చి 10న కెనడాలోని డ్రైడెన్ విమానాశ్రయం నుంచి ఎయిర్ ఒంటారియో విమానం బయలుదేరింది. లోపల 69 మంది. రెక్కల మీద మంచు పేరుకుంది. ఎయిర్ హోస్టెస్ చూసింది. కానీ కాక్‌పిట్‌కు చెప్పలేదు. విమానం లేచిన కొద్ది క్షణాలకే అడవిలో కూలింది. 24 మంది చనిపోయారు. వారిలో ఇద్దరు పైలట్లూ ఉన్నారు. తర్వాత విచారణ సంఘం ముందు ప్రాణాలతో మిగిలిన ఆ ఎయిర్ హోస్టెస్ కారణం చెప్పింది. విమానం నడపడం గురించి క్యాబిన్ సిబ్బంది ఏమైనా చెబితే పైలట్లు హర్షించరన్నది అనుభవం మీద ఆమెకు తెలుసు. ఆ చిన్నబోయిన గొంతు ఖరీదు 24 ప్రాణాలు.

అదే ఏడాది జనవరి 8న ఇంగ్లండులోని కెగ్‌వర్త్ దగ్గర బ్రిటిష్ మిడ్‌లాండ్ విమానం కూలింది. ఎడమ ఇంజిన్ దెబ్బతింటే పైలట్లు పొరపాటున బాగున్న కుడి ఇంజిన్ ఆపేశారు. ఎడమ పక్క నిప్పులు రావడం వెనక ఉన్న ప్రయాణికులూ, క్యాబిన్ సిబ్బందిలో కొందరూ చూశారు. ఆ సమాచారం కాక్‌పిట్ తలుపు దాటి ముందుకు వెళ్ళలేదు. 47 మంది చనిపోయారు.

ఇలాంటి ప్రమాదాల నుంచి నేర్చుకునే, మొదట పైలట్ల కోసం మొదలుపెట్టిన సమన్వయ శిక్షణను తర్వాత మొత్తం సిబ్బందికి వర్తించేలా మార్చారు. కింది ఉద్యోగి ధైర్యంగా చెప్పాలి, పై ఉద్యోగి చెవి ఒగ్గి వినాలి అన్నదే దాని సారం. మంచి మాట. కానీ నిన్న రాత్రి తన గదికి రాలేదని మర్నాడు ఆమెను అందరి ముందూ చిన్నబుచ్చిన కెప్టెన్‌కు, ఎల్లుండి ఇంజిన్‌లో పొగ కనబడితే ఆ అమ్మాయి ఏ గొంతుతో చెబుతుంది? 2001 సెప్టెంబరు 11 తర్వాత కాక్‌పిట్ తలుపులు ఉక్కు గడియలతో మూసేశారు. అప్పట్నుంచి ఆమె గొంతు వెళ్ళడానికి మిగిలింది ఇంటర్‌ఫోన్ ఒక్కటే. ఆ ఫోను ఎత్తడానికే ఆమె జంకితే నష్టపోయేది ఆమె ఒక్కతే కాదు. సీట్లలో కూర్చున్న మనమందరం.

ఎయిర్ హోస్టెస్ అంటే అలంకారం కాదని చట్టానికీ తెలుసు. అందుకే దాదాపు ప్రతి 50 సీట్లకూ కనీసం ఒకరు చొప్పున ఉండాలంది. అది కాఫీల కోసం కాదు. నిండు విమానాన్ని సగం ద్వారాలతోనే 90 సెకండ్లలో ఖాళీ చేయగలగాలన్న ప్రమాణం ఉంది. ఆ పని చేసేది ఎవరు? 1986 సెప్టెంబరు 5న కరాచీలో పాన్ ఆమ్ విమానాన్ని హైజాకర్లు ఆక్రమించారు. క్యాబిన్ సిబ్బంది ఇచ్చిన హెచ్చరికతోనే పైలట్లు కాక్‌పిట్ నుంచి బయటపడ్డారు. విమానం ఎగరకుండా చేయడానికి అది సరైన పద్ధతే. తప్పు పట్టడంలేదు. కానీ ఆ తర్వాత దాదాపు పదిహేడు గంటలు ప్రయాణికులకు దిక్కు ఎవరు? సీనియర్ పర్సర్ నీర్జా భానోత్, ఆమె తోటివాళ్ళు. ఇంకా 23 ఏళ్ళు నిండని ఆ అమ్మాయి ప్రయాణికులను దింపుతూ ప్రాణం వదిలింది. ప్రభుత్వం అశోక చక్ర ఇచ్చింది. ఇక్కడా మళ్ళీ వీరమ్మ కథే! చచ్చిపోయాక చక్రం. బతికుండగా బరువు కొలిచే యంత్రం. 2009 జనవరిలో ఎయిర్ ఇండియా లావయ్యారని ఎయిర్ హోస్టెస్‌లను ఉద్యోగాల నుంచి తీసేసిన సంగతి మనకు గుర్తే.

అడిగే ప్రశ్నలు, చెప్పవలసిన జవాబులు

పైలట్లందరూ అలాంటివాళ్ళేనా? కాదు. ఎంతోమంది మర్యాదగా, తోటి ఉద్యోగులుగానే మసలుతారు. అయితే మంచి కెప్టెన్ దొరకడం అదృష్టం అనుకునే స్థితి ఉంటే, అది హక్కు కాదు. మంచి మొగుడు దొరికాడు కాబట్టి గృహహింస చట్టం అక్కర్లేదని మనం ఎప్పుడైనా అన్నామా?

ఇద్దరూ ఇష్టపడితే తప్పేముంది? ఏమీ లేదు. పెద్దవాళ్ళు ఇద్దరి ఇష్టం మధ్య మనం కాపలా కూర్చోం. కానీ ఇష్టానికి ఒక గుర్తు ఉంది. కాదంటే ఏమీ జరగకూడదు. కాదన్న మర్నాడు రిపోర్టు వస్తే అది ప్రేమ కాదు, మామూళ్ళు వసూలు చేయడం.

కెప్టెన్ అధికారం లేకపోతే విమానం నడుస్తుందా? నడవదు. గాలిలో ఉండగా ఆఖరి నిర్ణయం కెప్టెన్‌దే కావాలి. అది చట్టం ఇచ్చిన అధికారం, మనమూ కోరుకునే అధికారం. కానీ అది విమానం క్షేమం కోసం ఇచ్చింది. హోటలు గది తలుపు తట్టడానికి, కాఫీ వెనక్కి పంపి కక్ష తీర్చుకోవడానికి ఇచ్చింది కాదు. కరణానికి ఊరి లెక్కలు రాసే అధికారం ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళ మీద అధికారం ఉందా?

అబద్ధపు ఫిర్యాదులు పెడితే? 2009 అక్టోబరులో షార్జా నుంచి లక్నో మీదుగా ఢిల్లీ వస్తున్న ఎయిర్ ఇండియా విమానంలో గాలిలోనే పైలట్లకూ క్యాబిన్ సిబ్బందికీ ఘర్షణ జరిగింది. పైలట్లు తనతో అసభ్యంగా ప్రవర్తించారని ఒక ఎయిర్ హోస్టెస్ పోలీసులకు ఫిర్యాదు చేసింది. పైలట్లు కాదన్నారు, ఎదురు ఆరోపణలు చేశారు. ఎవరిది నిజమో మనం ఇక్కడ కూర్చుని తేల్చలేం. తేల్చవలసింది విచారణ. మనం అడిగేది ఒక్కటే. ఆ వార్తను దేశమంతా ఆకాశంలో కొట్లాట అని నవ్వుకుంటూ చదివింది. ఆ నవ్వు చూసిన తర్వాత ఎంతమంది అమ్మాయిలు ఫిర్యాదు కాగితం చించి పారేసి ఉంటారు? రుజువు కాని ఫిర్యాదు వేరు, కావాలని పెట్టిన అబద్ధం వేరు అని 2013 చట్టమే చెబుతోంది. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు చేసిన స్త్రీని శిక్షించకూడదు.

మనం చేయవలసింది

మా దగ్గరికి వచ్చిన అమ్మాయి విషయంలో మేమూ తప్పు చేశామని ఇక్కడ ఒప్పుకోవాలి. ఓదార్చాం, టీ ఇచ్చాం, మళ్ళీ రమ్మన్నాం. చట్టం తీసి చూసేసరికి గడువు దాటిపోయింది. జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. ఆ అమ్మాయి ఆరు నెలలు ఇంట్లో తలుపు వేసుకుని కూర్చున్నాక మా దగ్గరికి వచ్చింది. ఆ ఆరు నెలలూ ఆమెను తలుపు వేసుకునేలా చేసింది "అంతేగా మరి" అన్న మాటే.

కాబట్టి తెలుసుకోవలసినవి తెలుసుకుందాం. 1997లో విశాఖ తీర్పు వచ్చింది. 2013లో పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చింది. ఈ చట్టం దృష్టిలో పనిచేసే చోటు అంటే ఆఫీసు గది మాత్రమే కాదు. ఉద్యోగం పనిమీద వెళ్ళిన ప్రతి చోటూ, యాజమాన్యం ఏర్పాటు చేసిన ప్రయాణ సాధనం కూడా దానిలోకే వస్తాయి. అంటే విమానమూ, రాత్రి బస చేసే హోటలూ, తెల్లవారుజామున ఇంటికొచ్చి ఎక్కించుకునే కారూ అన్నీ పనిచేసే చోట్లే. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షత స్త్రీయే వహించాలి. సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలు కావాలి. బయటి నుంచి, స్త్రీల కోసం పనిచేసే సంస్థ నుంచి ఒకరు ఉండాలి. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. విచారణ జరుగుతుండగా తనను గానీ అతన్ని గానీ వేరే చోటికి మార్చమనీ, మూడు నెలల దాకా సెలవు ఇమ్మనీ ఆమె అడగవచ్చు. పదిమంది కంటే తక్కువ ఉన్నచోటా, యజమాని మీదే ఫిర్యాదు ఉన్నచోటా జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. పోలీసు కేసు దారి వేరే ఎలాగూ ఉంది. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలోని 75వ సెక్షన్ కింద ఇది నేరం.

బయటి నుంచి ఒకరు అన్నచోట మనం ఆగాలి. ఆ ఒకరు ఎవరు? యాజమాన్యానికి తెలిసిన లాయరా, డైరెక్టరు గారి భార్యా, లేక నిజంగా స్త్రీల పక్షాన నిలబడే కార్యకర్తా? ఆ కుర్చీ మనది. దాన్ని మనం అడిగి తీసుకోవాలి.

విజయవాడలో, చుట్టుపక్కల పట్టణాల్లో ఎయిర్ హోస్టెస్ శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. ఉయ్యూరు, పామర్రు, గుడివాడ, కంకిపాడు నుంచి మన పిల్లలు అక్కడ చేరుతున్నారు. చీర కుచ్చిళ్ళు ఎలా పెట్టాలో, పెదవులకు ఏ రంగు వేయాలో నేర్పుతారు. ఈ చట్టం నేర్పరు. మనం వెళ్ళి ఒక్క పూట అడుగుదాం. ఒక్క పూట చాలు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు ఏం చూసుకోవాలి, జరిగిన సంగతి తేదీతో సహా ఎలా రాసిపెట్టుకోవాలి, ఫోను సందేశాలు ఎందుకు చెరపకూడదు, ఎన్ని రోజుల్లో ఫిర్యాదు చేయాలి అన్నవి చెబుదాం.

యాజమాన్యాలనూ, పౌర విమానయాన శాఖనూ మనం అడగవలసినవి ఇవి:

ఒకటి, ఒక పైలట్ మీద ఫిర్యాదు ఉన్నప్పుడు అతను ఆమె గురించి రాసిన రిపోర్టు ఆధారంగా ఆమె మీద ఏ చర్యా తీసుకోకూడదు. ఫిర్యాదు పెండింగులో ఉండగా కాంట్రాక్టు ముగించకూడదు.

రెండు, విచారణ తేలేదాకా ఇద్దరినీ ఒకే విమానంలో వేయకూడదు. రోస్టర్ మార్చవలసి వస్తే ఆ నష్టం ఆమె జీతంలో నుంచి కోయకూడదు.

మూడు, పైలట్‌కూ క్యాబిన్ సిబ్బందికీ కలిపి ఇచ్చే భద్రతా శిక్షణలో లైంగిక వేధింపు గురించి కూడా చెప్పాలి. అది మర్యాదల పాఠం కాదు, భద్రతా పాఠం. డ్రైడెన్ గుర్తుందిగా?

నాలుగు, అంతర్గత కమిటీలో బయటి సభ్యురాలు ఎవరో సిబ్బంది అందరికీ పేరూ ఫోను నంబరూ తెలిసేలా ప్రకటించాలి.

ఇవి దానంతటవే రావు. పైలట్లు సమ్మె అంటే మంత్రులు చర్చలకు పిలుస్తారు. క్యాబిన్ సిబ్బందికి అంత బలం లేదనుకునేవాళ్ళు ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. 2024 మే నెలలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది పెద్ద సంఖ్యలో ఒకేసారి సిక్ లీవు పెట్టారు. విమానాలు ఆగిపోయాయి. యాజమాన్యం 25 మందిని తీసేసింది. రెండు మూడు రోజులు తిరక్కుండానే, కార్మిక శాఖ అధికారుల ముందు కూర్చుని, వాళ్ళను మళ్ళీ తీసుకోవడానికి ఒప్పుకుంది. విడివిడిగా ఉంటే ప్రకటన వేసి తెచ్చుకునే అమ్మాయిలే, కలిసి నిలబడితే విమానాలను నేలమీద నిలబెట్టారు.

మన సంఘాలు ఇన్నాళ్ళూ పొలంలో కూలి, బీడీ కార్మికురాలు, అంగన్‌వాడీ కార్యకర్త, బట్టల కొట్టులో సేల్స్ గర్ల్ గురించి మాట్లాడాయి. మాట్లాడుతూనే ఉండాలి. లిప్‌స్టిక్ వేసుకుని, ఇంగ్లీషు మాట్లాడుతూ, సూట్‌కేసు లాక్కుంటూ గన్నవరంలో దిగే అమ్మాయి కూడా శ్రామికురాలే అన్నది మనకు ఆలస్యంగా తట్టింది. ఆమె వేషం చూసి మనమే దూరం జరిగాం. ఆమె మాత్రం చెరకు లారీ డ్రైవరు కూతురు.

ఆ అమ్మాయి ఇప్పుడు విజయవాడలో ఒక హోటలు రిసెప్షన్‌లో పనిచేస్తోంది. మొన్న మా సమావేశానికి వచ్చింది. శిక్షణ కేంద్రంలో మొదటి మాట ఎవరు మాట్లాడాలి అన్న చర్చ వచ్చినప్పుడు, "నేను మాట్లాడతానక్కా" అంది. ఈసారి తల దించుకోలేదు.

ఉయ్యూరు ఒక వీరమ్మకు గుడి కట్టింది. ఇంకొక గుడి కట్టే అవసరం రానివ్వకూడదు. బతికున్న అమ్మాయి చెప్పిన మాటను బతికుండగానే నమ్మే ఊరుగా దీన్ని మార్చడం మన పని.